బావమరిది, మిర్చి, 40 కోట్ల మంది చైనా మధ్యతరగతి

పల్నాడు జిల్లా నుంచి ఒకాయన రాశారు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. వయసు 52. జడ్పీ హైస్కూల్లో టీచరు. కిందటేడు ఎకరం పొలం అమ్మితే ఖర్చులు పోగా 38 లక్షలు చేతికొచ్చాయి, ఇప్పుడవి బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా ఉన్నాయి. ఒక్కతే కూతురు, బీటెక్ మూడో సంవత్సరం. పైచదువైనా పెళ్ళైనా రెండేళ్ళలో పెద్ద మొత్తం కావాలి.

ఆయన బావమరిదికి 29 ఏళ్ళు. చైనాలో ఎంబీబీఎస్ చదవడానికి వెళ్ళి, 2020 జనవరి సెలవులకి ఇంటికొచ్చి, కోవిడ్ వల్ల ఇక్కడే ఇరుక్కుపోయాడు. మిగతా చదువు ఆన్‌లైన్లో అయిందనిపించాడు. ఇక్కడ ప్రాక్టీసుకి రాయాల్సిన పరీక్ష ఐదుసార్లు రాసినా గట్టెక్కలేదు. కానీ చైనీస్ బాగా మాట్లాడతాడు. ఆ భాష పుణ్యమా అని గుంటూరులో ఒక మిర్చి ఎగుమతిదారు దగ్గర రెండేళ్ళు పనిచేశాడు. ఇప్పుడు సొంతంగా మొదలుపెడతానంటున్నాడు. చైనాలోని చెంగ్డూ నగరంలో ఒక కొనుగోలుదారు ఉన్నాడట, నెలకు రెండు కంటైనర్ల తేజ రకం మిర్చి తీసుకుంటానన్నాడట. బావగారు 35 లక్షలు పెడితే సగం వాటా.

ఉత్తరంలో ఆయన మాటలే కొన్ని: "వాడు చెప్తుంటే నిజమే అనిపిస్తుంది సార్. బావా, అక్కడ 40 కోట్ల మంది మిడిల్ క్లాస్, వాళ్ళు వారానికోసారి హాట్‌పాట్ (మరిగే కారం పులుసులో ఉడికించుకు తినే అక్కడి వంట) తిన్నా మన గుంటూరు మిర్చి చాలదు అంటాడు. మా ఆవిడేమో, మీ తమ్ముడైతే ఇవ్వరా అని ఒక్క మాట అని ఊరుకుంది. ఆ మాట అన్నప్పటి నుంచి ఇంట్లో సరిగ్గా మాటల్లేవు. బ్యాంకులో మేనేజరేమో వ్యాపారం మనకెందుకండీ, చైనా మార్కెట్ చవగ్గా ఉంది, చైనా షేర్లు కొనే ఫండ్‌లో వెయ్యండి అంటున్నాడు. ఇక్కడో విషయం చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో స్టాఫ్‌రూంలో ఎవరో చెబితే అలాంటి ఫండ్‌లోనే 3 లక్షలు పెట్టాను. ఇంకా అసలు కూడా రాలేదు. ఇంట్లో తెలియదు. చైనా అంతలా ఎదుగుతుంటే మనం చూస్తూ కూర్చోవాలా? మిర్చిలో పెట్టనా, ఫండ్‌లో పెట్టనా, ఎఫ్‌డీలోనే ఉంచనా?"

మాస్టారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరడిగింది మూడు ప్రశ్నల్లా కనిపిస్తోంది గానీ అందులో చైనా గురించి ఒకటి, రెండేళ్ళలో కావాల్సిన డబ్బు గురించి ఒకటి, మీ ఆవిడ అన్న ఆ ఒక్క మాట గురించి ఒకటి ఉన్నాయి. మూడూ కలిసిపోయి మీకు నిద్ర పట్టడం లేదు. విడదీద్దాం.

ముందు ఆ 40 కోట్ల లెక్క. అది మీ బావమరిది కల్పించింది కాదు, చైనా గణాంక శాఖే చెప్పింది. ముగ్గురున్న కుటుంబానికి ఏడాదికి లక్ష నుంచి 5 లక్షల యువాన్ల ఆదాయం ఉంటే మధ్య ఆదాయ వర్గం కింద లెక్కేశారు. యువాన్ 12 రూపాయలనుకుంటే 12 లక్షల నుంచి 60 లక్షలు. చూశారా, ఒకే గంపలో ఎంత తేడా ఉన్నవాళ్ళని వేశారో. చెంగ్డూలో ఇంటి లోను కడుతూ నెలకు తొమ్మిది వేల యువాన్లతో ముగ్గురు బతికే ఇల్లూ, షాంఘైలో రెండు కార్లున్న ఇల్లూ ఆ లెక్కలో ఒకటే. అదే దేశంలో, 60 కోట్ల మంది నెల ఆదాయం దాదాపు వెయ్యి యువాన్లేనని అప్పటి ప్రధాని లీ కచియాంగ్ 2020 మేలో విలేకరుల ముందు ఒప్పుకున్నారు. రెండు అంకెలూ నిజమే. వ్యాపారానికి డబ్బు అడిగేవాళ్ళు మాత్రం మొదటిదే చెబుతారు.

ఇంకో సంగతి. ఆ మధ్యతరగతి ఇప్పుడు పదేళ్ళ కిందటి ఊపులో లేదు. అక్కడి పట్టణ కుటుంబాల ఆస్తిలో సగానికి పైగా ఇళ్ళ రూపంలోనే ఉంది. మనకి పొలం, బంగారం ఎలాగో వాళ్ళకి అపార్ట్‌మెంట్ అలాగ. 2021లో ఎవర్‌గ్రాండ్ అనే పెద్ద బిల్డరు అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, 2024 జనవరిలో హాంకాంగ్ కోర్టు దాన్ని మూసేయమంది. ఇళ్ళ ధరలు దిగాయి. తన ఇంటి విలువ ప్రతి ఏడాదీ తగ్గుతుంటే జీతం మారకపోయినా మనిషి చెయ్యి బిగించేస్తాడు కదా. వాళ్ళూ అదే చేశారు, డబ్బు తీసుకెళ్ళి బ్యాంకుల్లో దాచుకున్నారు. (మీలాగే, ఎఫ్‌డీల్లో.) కాఫీ సంగతే చూడండి. 30 యువాన్ల స్టార్‌బక్స్ కప్పు చేతిలో పట్టుకోవడం ఒకప్పుడు అక్కడ హోదా. 2023లో లకిన్ అనే అక్కడి కంపెనీ 9.9 యువాన్లకే కాఫీ అమ్మి, చైనాలో అమ్మకాల లెక్కలో స్టార్‌బక్స్‌ని దాటేసింది. కాఫీ తాగేవాళ్ళు పెరిగారు, కప్పు మీద మిగులు తగ్గింది. మీ బావమరిది చెప్పే హాట్‌పాట్ హోటళ్ళలోనూ ఇదే పోటీ. అక్కడ రేటు తగ్గితే ఆ నొప్పి మెల్లగా మిర్చి అమ్మేవాడి దాకా వస్తుంది.

చిలీ వాళ్ళ చెర్రీ పళ్ళ కథ కూడా చెబుతాను, ఎందుకంటే ఇది అచ్చం మన మిర్చి కథే. చైనా కొత్త సంవత్సరం పండక్కి ఎర్ర చెర్రీలు బహుమతిగా ఇవ్వడం మధ్యతరగతిలో ఫ్యాషనైంది. చిలీ రైతులు ద్రాక్ష తోటలు కూడా తీసేసి చెర్రీ వేశారు. పదింట తొమ్మిది పళ్ళు చైనాకే. 2024-25 సీజన్లో సరుకు ముంచెత్తింది, ధర కూలిపోయింది. పైగా చెర్రీలు నింపుకొని బయల్దేరిన ఓ ఓడ ఇంజను చెడి పసిఫిక్ మధ్యలో వారాల తరబడి ఆగిపోయింది. గిరాకీ ఎక్కడికీ పోలేదండీ. అందరూ ఒకే గుమ్మం ముందు బుట్టలు పట్టుకు నిలబడ్డారు, అంతే.

ఇక మన మిర్చి. మన ఎండుమిర్చికి పెద్ద కొనుగోలుదారు చైనా, అందులో సందేహం లేదు. తేజ ఘాటు వాళ్ళకి కావాలి, నూనె తీయడానికీ వాడతారు. కానీ వాళ్ళ దగ్గర కూడా షిన్‌జియాంగ్, హెనాన్, గుయ్‌జౌల్లో మిరప పండుతుంది. అక్కడ పంట బాగుంటే ఇక్కడ కొనే చెయ్యి వెనక్కి పోతుంది. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన తేజ, 2025 మొదట్లో ఎంతకి దిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు, మీది పల్నాడు. కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టి మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సొచ్చింది. రెండేళ్ళలో చైనా మధ్యతరగతి సగమైపోలేదు, ధర మాత్రం దాదాపు సగమైంది. అందుకే చెబుతున్నా, ఆ 40 కోట్ల అంకెకీ మీ లాభానికీ మధ్య చాలామంది కూర్చుని ఉంటారు.

ఇప్పుడు లెక్క వేద్దాం, మీరు మాస్టారు కాబట్టి బోర్డు మీద వేసినట్టే వేస్తాను. ఒక కంటైనర్‌కి పాతిక టన్నులు అనుకుందాం, అంటే 250 క్వింటాళ్ళు. క్వింటా 12 వేలు అనుకుంటే సరుకుకే 30 లక్షలు. యార్డులో కమీషను, హమాలీ, గ్రేడింగ్, తాలు ఏరించడం, లారీ, పోర్టు, క్లియరింగ్ ఏజెంటు, ఓడ కిరాయి ఉండనే ఉన్నాయి. అంటే మీ 35 లక్షలూ ఒకే ఒక్క కంటైనర్. ఇక్కడ సరుకు కొన్న రోజు నుంచి అక్కడి డబ్బు మీ ఖాతాలో పడేదాకా రెండు నెలలు అనుకుందాం, అది కూడా అన్నీ సవ్యంగా జరిగితే. నెలకు రెండు కంటైనర్లు అన్నాడు కదా, మొదటి డబ్బు తిరిగొచ్చేలోపు నాలుగు కంటైనర్లు కొనాలి. కోటీ ఇరవై లక్షలు. చెంగ్డూ అతను 30 శాతం అడ్వాన్స్ పంపినా 84 లక్షలు కావాలి. ఆ మిగతా డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని మీ బావమరిదిని అడిగారా? అడగకపోతే నేను చెబుతాను, మీ ఇంటి మీద లోను, మీ ఆవిడ బంగారం.

ఇలా రాస్తున్నందుకు ఆ కుర్రాడంటే నాకు చిన్నచూపని అనుకోకండి. నిజానికి మీ ఉత్తరంలో నాకు నచ్చిన మనిషి అతనే. ఐదుసార్లు పరీక్ష పోయినా ఇంట్లో కూర్చోలేదు, చేతిలో ఉన్న భాషని పట్టుకుని పని వెతుక్కున్నాడు. చైనా మధ్యతరగతి వల్ల మన తెలుగువాళ్ళకి నిజంగా దక్కే అవకాశం అలాంటివాళ్ళకే ఎక్కువ. యార్డులో తేజ కొని నిలవపెట్టగలిగే పెట్టుబడిదారులు గుంటూరులో కావలసినంత మంది, వాళ్ళలో చైనా వాడితో వాడి భాషలో ధర తెంచగలిగేవాడు ఎంతమంది? అతని అసలు పెట్టుబడి ఆ నాలుక. ఆ నాలుకకి డబ్బొచ్చే పద్ధతి వదిలేసి, తన దగ్గర లేని ముప్పై ఐదు లక్షల మీద వ్యాపారం కట్టాలనుకోవడమే తిరకాసు.

మీ ముందున్న దారులు చూద్దాం.

మొత్తం 35 లక్షలూ పెట్టడం ఒక దారి. నాలుగు సీజన్లు కలిసొస్తే మంచి డబ్బే, కాదనను. కలిసిరాకపోతే? సరుకు ఓడ దిగాక "రంగు తగ్గింది, టన్నుకి ఇంత తగ్గించు" అని కొనుగోలుదారు పేచీ పెట్టడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. సరుకు వాడి రేవులో ఉంటుంది, అద్దె రోజూ పెరుగుతుంటుంది, వెనక్కి తెచ్చుకోవాలంటే ఇంకో కిరాయి. చాలామంది అక్కడ లొంగిపోతారు. ఎగుమతి రుణ హామీకి ఈసీజీసీ అనే ప్రభుత్వ సంస్థ బీమా ఇస్తుంది, కొన్నవాడు డబ్బు ఎగ్గొడితే నష్టంలో చాలా భాగం ఇస్తుంది. కానీ నాణ్యత మీద పేచీ వస్తే అది తేలేదాకా వాళ్ళు పైసా ఇవ్వరు. పైగా రాజకీయం ఒకటి ఉంది. ఆస్ట్రేలియా వైన్‌కి చైనా మధ్యతరగతి పెద్ద మార్కెట్. 2020లో రెండు ప్రభుత్వాలకి చెడింది, 200 శాతం దాటి సుంకం వేశారు, 2024 మార్చి దాకా తీయలేదు. వైన్ చేసేవాళ్ళు చేసిన తప్పేమీ లేదు. మనకీ చైనాకీ మధ్య గల్వాన్ ఘర్షణ తర్వాత ఎలా నడిచిందో చూశారు, నేరుగా విమానాలు మళ్ళీ తిరిగింది 2025 అక్టోబరులోనే.

ఈ దారిలో మీరు గమనించని గుంట ఇంకోటి ఉంది. మీరు ప్రభుత్వ ఉద్యోగి. ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారంలో భాగస్వామిగా చేరడం ప్రవర్తనా నియమాలకి విరుద్ధం. ఇంకా పదేళ్ళ సర్వీసూ పెన్షనూ ఉన్న మనిషి "సగం వాటా" అనే మాట కాగితం మీద పెట్టే ముందు పదిసార్లు ఆలోచించాలి. కాగితం లేకుండా పెడదామంటారా, అది ఇంకా ప్రమాదం. మీ ఆవిడ పేరు మీద అంటారా, దానికీ మీ డిపార్ట్‌మెంట్ నియమాలు కనుక్కోండి. ఎవరి పేరు మీదైనా మామూలు పార్టనర్‌షిప్ మాత్రం వద్దు. అందులో అప్పు మిగిలితే భాగస్వాముల సొంత ఆస్తుల దాకా వస్తారు. చేస్తే ఎల్ఎల్‌పీ (భాగస్వామి బాధ్యత పెట్టిన డబ్బు వరకే ఉండే సంస్థ) చేయించుకోండి.

రెండో దారి, నాకు కాస్త నచ్చింది ఇదే, చిన్నగా మొదలుపెట్టించడం. మూడు లక్షలో నాలుగు లక్షలో, పోయినా మీ కూతురి చదువు ఆగని మొత్తం. దాంతో అతను సరుకు కొనకూడదు. తన పేరు మీద ఎగుమతి కోడ్ తీసుకోవడం, స్పైసెస్ బోర్డులో నమోదు, శాంపిళ్ళకి ల్యాబు పరీక్షలు, ఒకసారి చెంగ్డూ వెళ్ళి ఆ కొనుగోలుదారు గోడౌను కళ్ళారా చూసి రావడం, ఇంతవరకే. 2022 జనవరి నుంచి చైనా కస్టమ్స్ నియమం ఒకటుంది, వాళ్ళకి ఆహార సరుకు పంపే విదేశీ యూనిట్ వాళ్ళ దగ్గర నమోదై ఉండాలి. నిన్న పెట్టిన కంపెనీకి అది చిటికెలో రాదు. కాబట్టి ఇప్పటికే నమోదున్న ఎగుమతిదారు సరుకు పంపుతాడు, మీవాడు కొనుగోలుదారుని తెచ్చి కమీషను తీసుకుంటాడు. టన్నుకి వచ్చేది తక్కువే. రెండేళ్ళు అలా నడిస్తే ఆ చెంగ్డూ మనిషి మాట మీద నిలబడేవాడో కాదో తేలిపోతుంది, ఇంకో ఐదారుగురు కొనుగోలుదారులు కూడా పరిచయమవుతారు. నష్టం ఏమిటంటే, ఎగుమతిదారు మధ్యలో అతన్ని పక్కకి తోసి నేరుగా మాట్లాడేసుకోవచ్చు. అందుకే కమీషను ఒప్పందం రాతలో ఉండాలి. అన్నట్టు, ఆ చెంగ్డూ మాటలన్నీ వీచాట్‌లో నడుస్తున్నాయని రాశారు. ఆ యాప్‌ని మన దేశంలో 2020 జూన్‌లోనే నిషేధించారు. రేపు పేచీ వస్తే మీరు ఎవరికి ఏం చూపిస్తారు? ధర, గ్రేడు, అడ్వాన్సు ఎంత, మిగతాది ఎప్పుడు, అన్నీ ఈమెయిల్లో, కంపెనీ ముద్రతో ఉన్న కొనుగోలు ఆర్డర్‌గా రావాలి. ఇది పంపడానికి ఆయన వెనకాడితే ఆ నెలకి రెండు కంటైనర్లు అన్నది ఉత్త మాటే.

మూడోది, వద్దని చెప్పడం. ఇదీ దారే. చెబితే ఇంట్లో కొన్నాళ్ళు మాటలుండవు, అది మీరిప్పటికే చూస్తున్నారు. కానీ "చూద్దాంలే" అని నాన్చడం కన్నా నయం, ఎందుకంటే మీరు నాన్చేకొద్దీ ఆ కుర్రాడు మీ డబ్బు వస్తుందని నమ్మి ఉన్న ఉద్యోగం మానేస్తాడు. అప్పుడు వద్దనడం మరీ కష్టం.

ఇక బ్యాంకు మేనేజరు గారి చైనా ఫండ్. మీకు ఒక్క అంకె చెబుతాను. షాంఘై షేర్ల సూచీ 2007 అక్టోబరులో 6,124 దాకా వెళ్ళింది. ఆ తర్వాత పదిహేనేళ్ళలో చైనా ఆర్థిక వ్యవస్థ డాలర్లలో దాదాపు ఐదింతలైంది. సూచీ మాత్రం ఆ పదిహేనేళ్ళలో మళ్ళీ ఆ మెట్టు ఎక్కలేదు. దేశం ఎదిగితే షేరు ఎదగాలని రూలేమీ లేదు. కంపెనీలు కొత్త షేర్లు జారీ చేస్తూ పోతాయి, ఒకరి గొంతు ఒకరు కోసుకునే పోటీలో లాభం కరిగిపోతుంది, అన్నిటికీ మించి ప్రభుత్వం ఒక రాత్రిలో ఆట నియమాలు మార్చేస్తుంది. చైనా మధ్యతరగతి మీద పందెం అంటే 2021కి ముందు అందరూ చూపించింది ట్యూషన్ కంపెనీలనే. ఒక్క బిడ్డ, తల్లీతండ్రీ ప్రాణం పెట్టే చదువు, ఇంతకన్నా గట్టి గిరాకీ ఏముంటుంది? మన కార్పొరేట్ కాలేజీలు తెలిసిన మీకు వేరే చెప్పాలా. 2021 జూలైలో, స్కూలు పాఠాలు చెప్పే ట్యూషన్ సంస్థలు లాభాపేక్ష లేకుండా నడవాలని ఆదేశం వచ్చింది. న్యూ ఓరియంటల్ లాంటి పెద్ద కంపెనీల షేరు ఆ ఏడాది పై ధర నుంచి దాదాపు 90 శాతం పోయింది. మీరు 3 లక్షలు పెట్టిన నెల, 2021 ఫిబ్రవరి, చైనా షేర్లు శిఖరాన ఉన్న నెల. అది మీ దురదృష్టం, తెలివితక్కువతనం కాదు. స్టాఫ్‌రూం దాకా కబురు వచ్చిందంటేనే అప్పటికి ధర పైకెక్కి కూర్చుందని అర్థం.

అలాగని చైనా షేర్లన్నీ చచ్చిన షేర్లని కాదు. లబుబు బొమ్మలమ్మే పాప్‌మార్ట్ 2020 డిసెంబరులో 38.5 హాంకాంగ్ డాలర్లకి లిస్టయి, మధ్యలో బాగా చితికి, 2025లో 300 దాటింది. ఆ బొమ్మని చూసి ఎవరైనా ఊహించారా. నేనైతే ఊహించలేదు. కాబట్టి ఆ ఫండ్‌లో పెట్టాలనుకుంటే, పదేళ్ళు ముట్టుకోనక్కర్లేని డబ్బులో చిన్న ముక్క, నెలనెలా కొద్దికొద్దిగా పెట్టండి. రెండేళ్ళలో కావాల్సిన డబ్బు మాత్రం ఆ వైపు చూడకూడదు. పాత 3 లక్షల సంగతి అడగలేదు గానీ అడుగుతారు. ఇప్పుడు ఎంత ఉందో అంత నగదు మీ చేతిలో ఉంటే ఇవాళ అదే ఫండ్ కొంటారా? కొంటానంటే ఉంచండి, కొననంటే తీసేయండి. "అసలు వచ్చాక తీస్తాను" అన్నది మాత్రం లెక్క కాదు, పంతం.

38 లక్షల్లో కూతురికి కావాల్సింది ఎంత? పాతికా? ముప్పయ్యా? అది ముందు తేల్చి, ఆ మొత్తాన్ని ఎఫ్‌డీలోనే, వేరే రసీదుగా, వీలైతే ఆ పిల్ల పేరు కూడా చేర్చి పెట్టేయండి. ఎఫ్‌డీ వడ్డీ మీద నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. మిగిలిన దాని మీదే బావమరిదితో మాట, ఫండ్ మాట.

ఇక మీ ఆవిడ అన్న మాట. "మీ తమ్ముడైతే ఇవ్వరా" అంటే ఆవిడ 35 లక్షలు అడుగుతున్నట్టు నాకు అనిపించలేదు. మా వాళ్ళ విషయం వచ్చేసరికి లెక్కలు తీస్తారేం అని అడుగుతోంది. ఆ ప్రశ్నకి మీ దగ్గర సరైన జవాబు లేకపోవడానికి కారణం ఆ 3 లక్షలే అనుకుంటా. ఎవరో స్టాఫ్‌రూంలో చెబితే ఇంట్లో అడక్కుండా చైనాలో పెట్టిన మనిషి, ఆవిడ సొంత తమ్ముడు చైనా అంటే మాత్రం రిస్కు గురించి పాఠం చెప్పాల్సొస్తోంది. రేపెప్పుడో ఆ ఫండ్ కాగితం ఆవిడ కంటపడితే మీరు ఇప్పుడు ఎంత న్యాయంగా చెప్పినా అన్యాయమే అవుతుంది. కాబట్టి ఆ సంగతి ముందు చెప్పేయండి. తిట్లు పడతాయి, పడండి.

ఆ తర్వాత బావమరిదిని భోజనానికి పిలిచి, ఆవిడ కూడా కూర్చుని ఉండగా, పైన వేసిన కంటైనర్ లెక్క మీరు చెప్పకుండా అతని చేతే వేయించండి. నాలుగో కంటైనర్ దగ్గరికి వచ్చేసరికి తనే ఆగి, "అడ్వాన్స్ పెంచమని అడుగుతా బావా" అంటాడో, "మీరు కొంచెం సర్దితే" అంటాడో చూడండి. మొదటి మాట అంటే ఆ నాలుగు లక్షలూ ఇవ్వండి. రెండోదైతే ఇవ్వకండి, అన్నం మాత్రం పెట్టి పంపండి.